బ్యాండ్ 3: ఎర్ర రక్తకణపు పొరలో ఒకే ప్రోటీన్, రెండు బాధ్యతలు

ఎర్ర రక్తకణపు పొరలోని ప్రోటీన్లన్నిటినీ విడదీసి తూచి చూస్తే, అందులో దాదాపు నాలుగో వంతు ఒకే ఒక్క ప్రోటీన్‌దని తేలుతుంది. ఒక్కో కణంలో దాని అణువులు 10 లక్షలకు పైగా ఉంటాయి. దాన్ని బ్యాండ్ 3 అంటారు. రుణావేశ అయాన్లను మార్పిడి చేసే ప్రోటీన్లలో మొదటిది కాబట్టి ఏఈ1 అనే పేరు కూడా ఉంది. రక్తం గురించి చెప్పే పాఠాల్లో హిమోగ్లోబిన్‌కు దక్కే చోటుతో పోలిస్తే దీనికి దక్కేది ఒకటి రెండు వాక్యాలే, అవి కూడా క్లోరైడ్, బైకార్బొనేట్ల మార్పిడి దగ్గరే ఆగిపోతాయి. ఇది ఈ ప్రోటీన్‌కు తగిన న్యాయం కాదు. అయాన్లను అటూ ఇటూ దాటించే భాగమూ, కణానికి ఆకారాన్ని నిలబెట్టే భాగమూ ఇందులో ఒకే గొలుసుగా కలిసి ఉన్నాయి. దీని లోపాల వల్ల కలిగే ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించడానికి ప్రధాన కారణం ఆ ఏర్పాటే: ఒక కుటుంబంలో రక్తహీనత, మరో కుటుంబంలో మూత్రపిండాల్లో రాళ్లు, ఇంకొందరిలో తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ.

ముందుగా రవాణా సంగతి. శరీరంలోని కణజాలాలన్నీ ఎడతెగకుండా కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తూనే ఉంటాయి; విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలోనే అది నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్లు. ఈ వాయువు కరిగిన రూపంలోనే ఊపిరితిత్తులకు చేరవలసి ఉంటే గుండె ఇప్పుడు పంపుతున్న దానికి ఎన్నో రెట్లు రక్తాన్ని పంపవలసి వచ్చేది. అందుకే అందులో అధిక భాగం, సుమారు 70 శాతం, బైకార్బొనేట్‌గా మారి ప్రయాణిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి బైకార్బొనేట్‌గా మారడం దానంతట అది జరిగితే సెకన్లకు సెకన్లు పడుతుంది. ఎర్రకణం కేశనాళికలో గడిపేది మాత్రం సుమారు ఒక సెకనే. 1933లో మెల్‌డ్రమ్, రఫ్టన్ వెల్లడించిన కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఈ చర్యను వేల రెట్లు వేగవంతం చేస్తుంది. అయితే ఆ ఎంజైమ్ ఉన్నది ఎర్రకణం లోపల. కాబట్టి బైకార్బొనేట్ తయారయ్యేది లోపల, దానికి విశాలమైన చోటు ఉన్నది బయటి ప్లాస్మాలో, మధ్యలో అడ్డంగా ఉన్నది కొవ్వు పొర. వాయువు ఆ పొరను సులువుగా దాటుతుంది గాని విద్యుదావేశం ఉన్న బైకార్బొనేట్ దాటలేదు.

ఆ అడ్డును తొలగించేది బ్యాండ్ 3. ఒక బైకార్బొనేట్ అయాన్‌ను బయటికి పంపి, దానికి బదులుగా ఒక క్లోరైడ్ అయాన్‌ను లోపలికి తెస్తుంది. రెండింటికీ ఒకే రుణావేశం ఉండటం వల్ల పొరకు ఇరువైపులా విద్యుత్ సమతుల్యం చెదరదు. కణజాలాల గుండా ప్రవహించిన రక్తంలో ఎర్రకణాల లోపల క్లోరైడ్ పెరుగుతుందని డచ్ శరీరధర్మ శాస్త్రవేత్త హాంబర్గర్ 19వ శతాబ్దం చివరలోనే గుర్తించారు. ఈ మార్పును క్లోరైడ్ షిఫ్ట్ అంటారు. బైకార్బొనేట్ వెళ్లిపోగా మిగిలిన హైడ్రోజన్ అయాన్‌ను హిమోగ్లోబిన్ తీసుకుంటుంది, తీసుకున్నప్పుడు ఆక్సిజన్‌ను మరింత తేలికగా వదులుతుంది. అంటే కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకెళ్లడం, ఆక్సిజన్‌ను అందించడం అనే రెండు పనులు ఒకదాన్నొకటి ముందుకు నెడుతున్నాయి. ఊపిరితిత్తుల్లో ఈ వరుసంతా తిరగబడుతుంది: క్లోరైడ్ బయటికి, బైకార్బొనేట్ లోపలికి, చివరికి వాయువు ఊపిరిలోకి.

ఒక్కో కణానికి 10 లక్షల అణువులు ఎందుకు అన్న ప్రశ్నకు చిన్న లెక్కతో సమాధానం దొరుకుతుంది. శరీర ఉష్ణోగ్రత వద్ద ఒక్కో బ్యాండ్ 3 అణువు సెకనుకు సుమారు 50 వేల అయాన్లను మార్చగలదు. పొరలోని రవాణా ప్రోటీన్లలో ఇంత వేగం చాలా అరుదు. 10 లక్షల అణువులు కలిసి పనిచేస్తే సెకనుకు 5,000 కోట్ల మార్పిడులు. ఒక ఎర్రకణంలోని క్లోరైడ్ అయాన్ల మొత్తం సంఖ్య సుమారు 300 కోట్లు. అంటే కణంలోని క్లోరైడ్ అంతా మారిపోవడానికి పట్టే కాలం సెకనులో పదో వంతు కన్నా తక్కువ. కేశనాళికలో దొరికే సెకను వ్యవధిలో పని పూర్తి కావాలంటే, వ్యాయామ సమయంలో ఆ వ్యవధి ఇంకా తగ్గినా సరిపోవాలంటే, ఈ స్థాయి నిల్వ ఉండవలసిందే. వెన్నెముక ఉన్న జీవులన్నీ ఈ దారినే పట్టలేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోదగినది. దవడలు లేని లాంప్రేల ఎర్రకణాల్లో ఈ వేగవంతమైన మార్పిడి లేదు. అవి బైకార్బొనేట్‌ను చాలావరకు కణం లోపలే ఉంచుకుని మోస్తాయి. మార్పిడి మార్గం తెరుచుకున్న జీవుల్లో ప్లాస్మా మొత్తం కార్బన్ డయాక్సైడ్ రవాణాకు ఉపయోగపడుతోంది.

వేగం కంటే ఆశ్చర్యం కలిగించేది ఈ ప్రోటీన్ పాటించే క్రమశిక్షణ. ఇది రంధ్రం కాదు. అయాన్ వచ్చి కూర్చునే స్థానం ఒక సమయంలో పొరకు ఒకవైపు మాత్రమే తెరుచుకుని ఉంటుంది. లోపలి వైపు బైకార్బొనేట్ వచ్చి చేరితే ప్రోటీన్ రూపం మారి, ఆ స్థానం బయటికి తెరుచుకుంటుంది; అది విడిపోయాక క్లోరైడ్ వచ్చి చేరితే తిరిగి లోపలికి తెరుచుకుంటుంది. ఖాళీగా ఉన్న స్థానం మాత్రం అటు నుంచి ఇటు దాదాపుగా తిరగదు. ఒకటి వెళ్లాలంటే మరొకటి రావాలన్న నియమం ఇలా అమలవుతుంది. బదులు తీసుకోకుండా అయాన్ ఒకే దిశలో దాటడం ఈ ప్రోటీన్ ద్వారా జరగకపోదు గాని, మార్పిడితో పోలిస్తే అది సుమారు పది వేల రెట్లు నెమ్మది. ఈ తేడా కణానికి ప్రాణావసరం. పొటాషియం బయటికి పోయే మార్గం ఎప్పుడైనా తెరుచుకుంటే, దాని వెంట క్లోరైడ్ ఎంత త్వరగా పోగలదన్న దాన్ని బట్టే కణం ఎంత త్వరగా నీరు కోల్పోయి ముడుచుకుపోతుందో తేలుతుంది. మార్పిడి వేగంతోనే క్లోరైడ్ ఒంటరిగా కూడా దాటగలిగి ఉంటే ఎర్రకణం తన పరిమాణాన్ని ఇంత నిలకడగా కాపాడుకోగలిగేది కాదు.

ఈ పని చేసేది ఏ ప్రోటీన్ అన్నది చాలాకాలం తెలియలేదు. 1971లో ఫెయిర్‌బ్యాంక్స్, స్టెక్, వాలక్ ఎర్రకణపు పొర ప్రోటీన్లను జెల్‌లో విద్యుత్ సాయంతో పరిమాణం ప్రకారం వేరుచేసి, కనిపించిన పట్టీలకు పైనుంచి వరుసగా అంకెలు ఇచ్చారు. మూడో అంకె వచ్చిన పట్టీయే బ్యాండ్ 3. తర్వాతి సంవత్సరాల్లో కబాంచిక్, రాత్‌స్టీన్ డిడ్స్ అనే రసాయనాన్ని వాడి చూశారు. అది అయాన్ల మార్పిడిని ఆపేస్తుంది, ఆపుతూ ప్రధానంగా బ్యాండ్ 3కే అతుక్కుంటుంది. ఎంత అతుక్కుంటే అంత మేరకు మార్పిడి తగ్గుతుంది. మార్పిడి బాధ్యత ఈ ప్రోటీన్‌దేనని దీనితో రుజువైంది. 1985లో కోపిటో, లోడిష్ ఎలుక బ్యాండ్ 3 అమైనో ఆమ్లాల వరుసను ప్రకటించారు. మనిషిలో ఈ గొలుసు పొడవు 911 అమైనో ఆమ్లాలు. దాని జన్యువు ఎస్‌ఎల్‌సీ4ఏ1, ఉన్నది 17వ క్రోమోజోమ్ మీద.

గొలుసులో రెండు భాగాలు స్పష్టంగా విడిగా ఉంటాయి. పొరలో పొదిగిన భాగం దాన్ని 14 సార్లు దాటుతుంది. ఏడేసి సర్పిలాలున్న రెండు సగాలు ఒకదానికొకటి తలకిందులుగా అమరి ఉంటాయని 2015లో వెలువడిన స్ఫటిక నిర్మాణం చూపింది. అయాన్ల మార్పిడికి ఈ భాగం ఒక్కటే చాలు. రెండో భాగాన్ని ఎంజైమ్‌తో కోసి తీసేసినా మార్పిడి ఆగదని అంతకుముందే తెలుసు. పొరకు బయట కనిపించే వంపుల్లోని చిన్న తేడాలే డియేగో రక్త గ్రూపుకు ఆధారం. 854వ స్థానంలో ప్రోలిన్ ఉందా, ల్యూసిన్ ఉందా అన్న ఒక్క తేడాతో అందులోని రెండు ప్రధాన రకాలు ఏర్పడ్డాయి.

రెండో భాగం గొలుసు మొదట్లోని సుమారు 400 అమైనో ఆమ్లాలు, అవి కణం లోపలికి చొచ్చుకుని ఉంటాయి. దాని ప్రాముఖ్యం అర్థం కావాలంటే ఎర్రకణం బతికే తీరును గుర్తుచేసుకోవాలి. సుమారు 8 మైక్రోమీటర్ల వెడల్పున్న ఈ కణం తనకంటే ఇరుకైన కేశనాళికల్లోంచి, ప్లీహంలోని సన్నని చీలికల్లోంచి 120 రోజుల పాటు మళ్లీ మళ్లీ నలుగుతూ వెళ్లాలి. కేంద్రకం లేదు, చిరిగిన చోట కొత్త ప్రోటీన్‌తో సరిచేసుకునే వీలు లేదు. పొర కింద స్పెక్ట్రిన్ తంతువులతో అల్లిన వల ఒకటి ఉంటుంది. సాగినా నలిగినా కణం తిరిగి తన ఆకారానికి రావడం ఆ వల చలవే. అయితే పైనున్న కొవ్వు పొరను వలకు పట్టి ఉంచేది ఏదో ఉండాలి. బొంతలో పై బట్టనూ లోపలి బట్టనూ కలిపి పట్టే కుట్ల వంటి పని ఇక్కడ బ్యాండ్ 3 చేస్తుంది. దాని లోపలి భాగం అంకైరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, అంకైరిన్ స్పెక్ట్రిన్‌ను పట్టుకుంటుంది, ప్రోటీన్ 4.2 ఈ ముడిని బిగిస్తుంది. వల ముడులు కలిసే చోట అడ్యూసిన్ అనే ప్రోటీన్ ద్వారా మరో రకం బంధం ఉంటుంది. మిగిలిన బ్యాండ్ 3 అణువులు దేనికీ కట్టుబడకుండా పొరలో తిరుగాడుతుంటాయి.

2022లో అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాల్లో ఈ అంకైరిన్ కూటమి వివరంగా కనిపించింది. బ్యాండ్ 3తో పాటు ఆర్‌హెచ్ ప్రోటీన్లు, గ్లైకోఫోరిన్లు, నీటిని దాటించే ఆక్వాపోరిన్ కూడా అందులో ఉన్నాయి. ఆక్వాపోరిన్‌ను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అది కూడా మొదట బయటపడింది ఎర్రకణపు పొరలోనే. విడివిడిగా కనుగొన్న ఈ ప్రోటీన్లన్నీ ఒకే కూటమిలో సభ్యులని తేలడం ఈ రంగంలో ఇటీవలి ముఖ్యమైన ముందడుగు.

లోపలి భాగం పని కుట్టుతోనే ముగియదు. దాని కొసన ఆమ్ల స్వభావం గల అమైనో ఆమ్లాలు గుంపుగా ఉంటాయి. గ్లూకోజ్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైముల్లో ఆల్డోలేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ వంటివి కొన్ని ఆ కొసకు అతుక్కుంటాయి; అతుక్కున్నంతసేపు వాటి పని మందగిస్తుంది. ఆక్సిజన్ కోల్పోయిన హిమోగ్లోబిన్ కూడా ఆ ప్రాంతానికే అతుక్కుంటుంది. అందువల్ల కణజాలాల్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ వచ్చి చేరి ఎంజైములను తప్పిస్తుంది, గ్లూకోజ్ విచ్ఛిన్నం పుంజుకుంటుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఉత్పత్తి పెరుగుతుంది. ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు గ్లూకోజ్ మరో దారికి మళ్లి, ఆక్సీకరణ దెబ్బ నుంచి కణాన్ని కాపాడే ఎన్‌ఏడీపీహెచ్ తయారీకి ఉపయోగపడుతుందని ప్రయోగాలు చూపుతున్నాయి. హిమోగ్లోబిన్ అతుక్కున్నప్పుడు బ్యాండ్ 3కి అంకైరిన్‌తో ఉన్న పట్టు కూడా సడలుతుంది. కేంద్రకం, జన్యు నియంత్రణ లేని కణానికి చుట్టూ ఉన్న ఆక్సిజన్ స్థాయిని తెలుసుకుని తన జీవక్రియను సరిదిద్దుకునే దారి ఈ కొస ద్వారా దొరికింది. బ్యాండ్ 3 గురించి తెలిసిన విషయాలన్నిటిలోనూ అత్యంత తక్కువ ప్రచారం పొందినది బహుశా ఇదే.

కుట్టు వదులైతే ఏమవుతుందో వంశపారంపర్య స్ఫెరోసైటోసిస్ చెబుతుంది. ఈ జబ్బున్నవారిలో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు వరకు కారణం బ్యాండ్ 3 జన్యువులోని ఉత్పరివర్తనాలే; మిగిలినవారిలో అంకైరిన్, స్పెక్ట్రిన్, ప్రోటీన్ 4.2 జన్యువుల్లో లోపం ఉంటుంది. రెండు జన్యు ప్రతుల్లో ఒకటి చెడినప్పుడు పొరలోని బ్యాండ్ 3 తగ్గి, ఆధారం లేని కొవ్వు పొర చిన్న చిన్న బుడగలుగా తెగి పోతూ ఉంటుంది. ఉన్న పరిమాణానికి చాలినంత పొర లేని కణం పళ్లెం ఆకారం కోల్పోయి గోళంలా మారుతుంది. గోళం వంగలేదు, ప్లీహపు చీలికల్లో చిక్కుకుని నాశనమవుతుంది. రక్తహీనత, కామెర్లు, ప్లీహపు వాపు, పిత్తాశయంలో రాళ్లు ఇందువల్ల వచ్చేవే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: బ్యాండ్ 3 తగ్గినా ఈ రోగులకు కార్బన్ డయాక్సైడ్ రవాణాలో ఇబ్బంది రాదు. రవాణాకు నిల్వ పుష్కలంగా ఉంది, కుట్టుకు మాత్రం అంత వెసులుబాటు లేదు. రోగనిర్ధారణకు కూడా ఈ ప్రోటీనే సాయపడుతుంది. ఇయోసిన్-5-మాలిమైడ్ అనే మెరిసే రంగు ప్రధానంగా బ్యాండ్ 3లోని 430వ లైసిన్‌కు అతుక్కుంటుంది. కణాల మెరుపును ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో ఆ మెరుపు తక్కువగా ఉంటే స్ఫెరోసైటోసిస్‌ను అనుమానించవచ్చు. కారణం అంకైరిన్ లోపమైనా బ్యాండ్ 3 కూడా కొంత తగ్గుతుంది కాబట్టి ఈ పరీక్ష ఉపయోగం విస్తృతం.

బ్యాండ్ 3 పూర్తిగా లేకుంటే? ఈ జన్యువును తొలగించిన ఎలుకల్లో స్పెక్ట్రిన్ వల దాదాపు మామూలుగానే అల్లుకుంటుంది గాని, పొర విపరీతంగా తెగిపోయి తీవ్ర రక్తహీనత వస్తుంది. వలను కట్టడానికి కాక, పొరను నిలుపుకోవడానికే బ్యాండ్ 3 ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది. జపాన్‌లోని ఒక నల్ల పశుజాతిలో సహజంగానే ఈ లోపం కనిపించింది. ఆ పశువులు రక్తహీనతతోనూ కొద్దిపాటి ఆమ్లత్వంతోనూ పెరిగి పెద్దవయ్యాయి. మనుషుల్లో ఇటువంటి సంపూర్ణ లోపం అత్యంత అరుదు, పుట్టుకతోనే ప్రాణాంతకం కాగలదు. పోర్చుగల్‌లో నమోదైన ఒక సందర్భంలో రక్తమార్పిడులు, బైకార్బొనేట్ చికిత్స అవసరమయ్యాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన మార్పు ఆగ్నేయాసియా ఓవలోసైటోసిస్. మలేషియా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్, పాపువా న్యూ గినీల్లోని కొన్ని సమూహాల్లో బ్యాండ్ 3 నుంచి 400 నుంచి 408 వరకు తొమ్మిది అమైనో ఆమ్లాలు తొలగిపోయి ఉంటాయి. ఈ స్థానాలు సరిగ్గా రెండు భాగాలూ కలిసే చోటివి. మారిన ప్రోటీన్ పొరను చేరుతుంది గాని అయాన్లను దాటించదు. కణాలు అండాకారంగా, బిరుసుగా ఉంటాయి. ఒక్క ప్రతి మాత్రమే మారినవారికి సాధారణంగా ఏ లక్షణాలూ ఉండవు. పైగా పాపువా న్యూ గినీలో జరిగిన అధ్యయనాల్లో, ఈ మార్పు ఉన్న పిల్లలకు మెదడుకు సోకే ప్రాణాంతక మలేరియా నుంచి గట్టి రక్షణ ఉన్నట్టు తేలింది. రెండు ప్రతులూ మారితే మాత్రం గర్భంలోనే మరణం దాదాపు తప్పదు. ఇంత మూల్యం ఉన్న మార్పు తరతరాలుగా నిలిచి ఉందంటే, మలేరియా ఆ ప్రాంతాల్లో ఎంతమంది పిల్లల్ని పొట్టన పెట్టుకుందో ఊహించవచ్చు.

ఎర్రకణపు జీవితం ముగిసే సమయంలో కూడా బ్యాండ్ 3కి పాత్ర ఉంది. వయసు మీరిన కొద్దీ చెడిన హిమోగ్లోబిన్ దాని లోపలి భాగానికి అతుక్కుని, బ్యాండ్ 3 అణువులను గుంపులుగా చేరుస్తుంది. రక్తంలో సహజంగా ఉండే ప్రతిరక్షకాలు ఆ గుంపులను గుర్తించి అంటుకుంటాయి. ప్లీహం, కాలేయాల్లోని భక్షక కణాలు అటువంటి కణాన్ని తొలగిస్తాయి. సికిల్ సెల్ వ్యాధిలోనూ, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ఆక్సీకరణ దెబ్బ తగిలినప్పుడూ ఈ ప్రక్రియ ముందుగానే మొదలవుతుంది.

ఇక మూత్రపిండం. అక్కడ కూడా ఏఈ1 ఉంటుంది, అయితే మొదటి 65 అమైనో ఆమ్లాలు లేకుండా తయారవుతుంది. ఆ లోపించిన ముక్కతో పాటు ఎంజైములను పట్టుకునే కొస పోతుంది, అంకైరిన్ పట్టు కూడా పోతుంది. మిగిలేది రవాణా బాధ్యతే. మూత్రంలోకి ఆమ్లాన్ని పంపే ఆల్ఫా కణాలు లోపల తయారైన బైకార్బొనేట్‌ను దీని ద్వారానే తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఆ దారి మూసుకుంటే ఆమ్లాన్ని పంపడం కూడా ఆగుతుంది: మూత్రం తగినంత ఆమ్లంగా మారదు, రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, కాల్షియం ఫాస్ఫేట్ మూత్రపిండాల్లో పేరుకుంటుంది, పిల్లల ఎముకలు వంకర్లు తిరిగి ఎదుగుదల కుంటుపడుతుంది. దీన్ని డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్ అంటారు.

ఈ జబ్బు ఉన్నవారిలో ఎర్రకణాలు ఎక్కువగా మామూలుగానే ఉంటాయి, స్ఫెరోసైటోసిస్ ఉన్నవారిలో మూత్రపిండాలు ఎక్కువగా మామూలుగానే ఉంటాయి. ఒకే జన్యువుకు ఈ తేడా ఎలా సాధ్యమన్నది చాలాకాలం పజిల్‌గా నిలిచింది. దానికి సమాధానం రవాణా సామర్థ్యంలో కంటే ప్రోటీన్ చేరవలసిన చోటికి చేరడంలో దొరికింది. థాయ్‌లాండ్‌లో కనిపించే జీ701డీ (701వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు ఆస్పార్టిక్ ఆమ్లం) మార్పునే చూస్తే, ఎర్రకణంలో గ్లైకోఫోరిన్-ఏ అనే తోడు ప్రోటీన్ సాయంతో అది పొరను చేరి పనిచేస్తుంది. మూత్రపిండ కణంలో ఆ తోడు లేదు, కాబట్టి ప్రోటీన్ కణం లోపలే నిలిచిపోతుంది. 589వ స్థానంలో ఆర్జినిన్ మారినప్పుడు ఒక్క ప్రతి చెడినా జబ్బు వస్తుంది. ఏఈ1 జంటలుగా పనిచేస్తుంది కాబట్టి చెడిన అణువు తన జత అణువును కూడా లోపలే నిలిపేయడం అందుకు కారణం. ఒక ప్రతిలో జీ701డీ, మరో ప్రతిలో ఓవలోసైటోసిస్ మార్పు ఉన్నవారిలో మూత్రపిండ జబ్బూ, ఎర్రకణాల విచ్ఛిన్నమూ రెండూ కనిపించవచ్చు. అందువల్ల ఆగ్నేయాసియా మూలాలున్న పిల్లల్లో ఎదుగుదల లోపంతో పాటు రక్తహీనత ఉన్నప్పుడు, లేదా అండాకార కణాలు కనిపించినప్పుడు, రక్తంలోని బైకార్బొనేట్, పొటాషియం స్థాయిలనూ మూత్రపు పీహెచ్‌నూ చూడటం అవసరం. నోటి ద్వారా క్రమం తప్పకుండా ఇచ్చే సిట్రేట్ లేదా బైకార్బొనేట్ లవణాలతో ఆమ్లత్వం అదుపులోకి వస్తుంది; ఎముకల వంకర, రాళ్లు మొదలుకాక ముందే చికిత్స ఆరంభిస్తే పిల్లల ఎదుగుదల చాలావరకు మామూలు స్థాయికి చేరుకోగలదు.